కాలేజీ బొజ్జన్న నేసిన పంచె

మా మగ్గాల వీధిలో అందరూ ఆయన్ని కాలేజీ బొజ్జన్న అనేవారు. ఆయన కాలేజీ గడప తొక్కింది లేదు. ఐదో ఫారంలో ఉండగా తండ్రి చనిపోతే మగ్గం గుంటలోకి దిగాడు, మళ్లీ బడివైపు పోలేదు. ఎగతాళికి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది.

ఎండాకాలం వస్తే హైస్కూలు ముగించిన పిల్లలను పిలిపించుకునేవాడు. ఎవరికి కాలేజీ, ఎవరికి టీచరు ట్రైనింగు, ఏ ఊళ్లో హాస్టలు ఉంది, వారాలబ్బాయికి ఏ ఇంట్లో అన్నం పెడతారు, అన్నీ కనుక్కుని చెప్పేవాడు. మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూనే పిల్లవాణ్ణి పడుగుకు అవతల నిలబెట్టి, అక్కడి పెద్దమనుషులు అడగబోయే ప్రశ్నలు తానే అడిగేవాడు. మాది పక్కిల్లు. మూడో ఫారంతో బడి మాన్పించాక నేను ఆయనకు నూలు కండెలు చుట్టేదాన్ని. రాట్నం తిప్పుతూ ఆ ప్రశ్నలకు లోలోపల జవాబులు చెప్పుకునేదాన్ని.

"ఏమప్పా కాలేజీ బొజ్జన్నా, ఈ యేడు ఎవున్ని కలెక్టర్ని చేస్తాండావు?" అని ఎదురింటి రామలింగప్ప అరుగు మీదనుంచి అరిచేవాడు.

"నిన్నే చేద్దామనుకుంటి. కలెక్టరు పొద్దున్నే లెయ్యల్లంట. నీతో కాదులే."

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మద్దిలేటి వంతు వచ్చింది. మా వీధి ఉరుకుందమ్మ కొడుకు. మొగుడు పోయినప్పటినుంచి ఆమె నూలు వడికీ, కూలికి పోయీ వాణ్ణి చదివించింది. బడి మొత్తానికి వాడే మొదటివాడు. కర్నూల్లో ఒక ధర్మఫండు వాళ్లు బీదపిల్లలను కాలేజీలో చదివిస్తారని బొజ్జన్న కనుక్కుని రాయించాడు. వచ్చి కనపడమని పిలుపు వచ్చింది.

"ఇది దొరికితే సదువుకోనీ అన్నా," అంది ఉరుకుందమ్మ. "దొరక్కపోతే సావుకారు మగ్గం ఇస్తానన్నాడు. నాకు సూపు ఆనడం లేదు. ఇంక సాకలేను."

ఆ నెలంతా బొజ్జన్న వాడికి ఒకటే చెప్పాడు. "బీద అరుపులు అరవద్దు. అడిగిందానికి నిజం చెప్పు. అడగంది చెప్పద్దు."

ఒకరోజు ప్రశ్న మధ్యలో ఆగి వాడి భుజం మీది అతుకు చూశాడు.

"ఇదేసుకొనే పోతావా?"

"ఇంకోటి యాడుండాది మామా?"

"నేసేవాళ్ల పిల్లోడు చినిగిన గుడ్డతో పెద్దోళ్ల ముందర నిలబడితే మన మగ్గాలకు సిగ్గు కాదా రా!"

మరునాటినుంచి సావుకారుకు నేసే కూలిపని మొదలుపెట్టేలోపు, తెల్లవారుజామున, ఆయన వేరే నేత మొదలుపెట్టాడు. పాత పడుగుల్లో మిగిలిన సన్ననూలు కొసలను ఎన్నేళ్లుగానో దాచుకున్నాడు. వాటిని ముడివేసి ముడివేసి పంచె నేశాడు, కండువా నేశాడు. అంచుకు సన్నని జరీ పోగు పెట్టాడు. కండెలు చుట్టింది నేనే, అయినా ముడులు ఎక్కడున్నాయో నాకే కనిపించలేదు. కట్టుకుని నిలబడితే మద్దిలేటి పెళ్లికొడుకులా ఉన్నాడు. రామలింగప్ప కూడా ఎగతాళి చేయలేదు.

కర్నూలుకు వాడు ఒక్కడే పోయి వచ్చాడు. నేరుగా బొజ్జన్న మగ్గం ముందుకు వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు.

"లెక్కలు అడిగినారు. చెప్పినా. దేశాల పేర్లు అడిగినారు. అన్నీ చెప్పినా మామా."

"మరి?"

"ఒకాయన లేసొచ్చి నా కండువా అంచు పట్టుకొని చూసినాడు. ఇది నీదేనా అన్నాడు. నాదే సార్ అంటి. అందరూ నవ్వినారు. 'నాకే లేదప్పా ఇంత మంచి గుడ్డ. ఈయనకు మన ఫండు ఎందుకు, ఈయనే మనకు ఇయ్యల్ల' అన్నాడు. ఇంకొకర్ని పిలిచినారు."

"నేసిందెవరని అడగలేదా?"

"అడగలేదు." భుజం మీది కండువా తీస్తూ అన్నాడు, "అడగంది చెప్పద్దంటివి కదా."

బొజ్జన్న కాళ్లు తొక్కుడు పలకల మీదే ఆగిపోయాయి. నేను రాట్నం తిప్పుతూనే ఉన్నాను. ఆపితే నావైపు చూస్తారేమోనని. మద్దిలేటి కండువా మడిచి పడుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే సావుకారు వాడికి మగ్గం వేయించాడు.

మరుసటి ఎండాకాలం నరసన్న అనే ఆయన పై వీధినుంచి కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. "వీనికీ ఏదన్నా దోవ సూపించప్పా," అన్నాడు. ఆ పిల్లవాడు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బొజ్జన్న ప్రశ్నలేవీ అడగలేదు. గుంటలోనుంచి లేచి వచ్చి చొక్కా చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. చించబోతున్నాడని నాకు అర్థమైంది. వేళ్లు బిగించాడు, అలాగే నిలబడ్డాడు. బడి మానినప్పటినుంచి తెగిన పోగు అతుకుతూ వచ్చిన చేతులవి. చించడం వాటివల్ల కాలేదు.

"నాకు తెలీదు నరసన్నా," అన్నాడు చివరికి, చొక్కా వదిలేసి. "ఇంకెవర్నన్నా అడుగుపో."

ఆ తరువాత ఆ మగ్గం ముందు ఏ పిల్లవాడూ నిలబడలేదు. అవతలింట్లో మద్దిలేటి మగ్గం పొద్దస్తమానం ఆడుతూనే ఉంటుంది. ఇప్పుడు వీధి మొత్తంలో వాడి అంచుపనే మేలైందని సావుకారు అంటాడు.