పూచీ చేతులు మారిన గురువారం

పదకొండు నెలలుగా ఎఫీ గిల్లిస్ ఒళ్ళు తెలియని నిద్ర పోలేదు. పక్క గదిలో చెల్లెలి కొడుకు ఆలిస్టర్ దగ్గితే ఆవిడకి మెలకువ వచ్చేది. దగ్గకపోతే అసలు నిద్రే పట్టేది కాదు, కిటికీ దూకి పోయాడేమోనని.

వాడు రేవులో, పెద్దరొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టే బుట్టల తగాదాలో ఒకడి దవడ విరగ్గొట్టాడు. విచారణ అక్టోబరులో. అప్పటిదాకా బయట ఉండాలంటే ఎవరైనా జామీను నిలబడాలన్నారు. తల్లి పోయింది. తండ్రి ఆల్బర్టా చమురు బావుల్లో పనికని వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పీతల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు నిలబడి కాళ్ళు వాచిన పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడే ఇంటిని పూచీ పెట్టి సంతకం చేసింది.

సంతకంతో అయిపోతుందనుకుంది. ప్రభుత్వానికి పైసా ఖర్చు కాకుండా తన ఇంట్లో తనే జైలు నడపాలని తర్వాత అర్థమైంది. నిజం జైలరుకి జీతం ఉంటుంది, డ్యూటీ మారుతుంది, పండగకి సెలవుంటుంది. ఎఫీకి కాగితం మీద నాలుగు షరతులున్నాయి. వాడు ఆవిడ ఇంట్లో, ఆవిడ కంటి ముందే ఉండాలి, రాత్రి తొమ్మిదికల్లా తలుపు లోపల ఉండాలి, మందు ముట్టకూడదు, రేవు వైపు పోకూడదు. వాడు తప్పితే ఇల్లు పోతుంది. పదిహేనో ఏట నుంచీ పడవ మీదే బతికినవాడు వంటింట్లో కూర్చుని సముద్రం వైపు చూస్తుంటే, ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ వాడి వైపు చూస్తుండేది.

ఏప్రిల్లో ఆవిడ రొమ్ములో గడ్డ బయటపడింది. వచ్చే సోమవారం హాలిఫాక్స్‌లో ఆపరేషన్. ఆ తర్వాత ఆరు వారాలు అక్కడే ఉండి రేడియేషన్ కరెంటు పెట్టించుకోవాలి. తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో చెప్పలేమని ఆసుపత్రి మనిషి ఫోన్లో చెప్పింది.

అందుకని మంగళవారం కోర్టు కిటికీ దగ్గరికెళ్ళి, జామీను నుంచి తప్పుకుంటానని కాగితం అడిగింది. గుమాస్తా కాగితం సగం ముందుకు జరిపి ఆగింది.

"దీంతోపాటే అబ్బాయిని లోపలికి పంపే ఆర్డరు కూడా టైపు చెయ్యనా?"

"లోపలికా? ఎందుకూ?"

"మీరు దిగిపోతే అతనికి జామీను లేనట్టేగా. కొత్త మనిషిని తెచ్చుకోండి. జడ్జి ఆ మనిషిని ఒప్పుకున్నాకే మీ పేరు కొట్టేస్తారు. ముందు వాళ్ళు ఎక్కాలి, తర్వాత మీరు దిగాలి."

ఎఫీ కాగితాన్ని వెనక్కి తోసేసింది. దవడ విరిగినవాడి అన్న ఇప్పుడు ఆ జైల్లోనే ఉన్నాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

కొత్త మనిషి దొరికాడు. గంట డంకన్. భార్య పోయినవాడు, మందు ముట్టడు, ఆదివారం చర్చి తప్పడు. వాళ్ళ తాత చర్చి గంట కొట్టేవాడు. తాత పోయి యాభై ఏళ్ళయినా గంట మనవడి పేరుకి వేలాడుతూనే ఉంది. మా వైపు అంతే. ఇంటిపేర్లు అయిదు, పెట్టుకునే పేర్లు పది. డంకన్ మెక్‌లెలన్‌లు ఒక్క మా రోడ్డు మీదే ఇద్దరు. రెండోవాడు బూట్ల డంకన్. సొంత పెళ్ళికి రబ్బరు బూట్లతో వచ్చాడు. పదిహేనేళ్ళ కిందట ఎఫీ మొగుడి లాబ్‌స్టర్ బుట్టలు దొంగిలించి తొంభై రోజులు లోపలున్నాడు. మొగుడు పోయాక కూడా ఎఫీ ఆ మనిషి ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయేది.

గంట డంకన్‌కి దగ్గరి అక్షరాలు సరిగా ఆనవు. అందుకని అతని ఫారం ఎఫీయే నింపింది. డంకన్ మెక్‌లెలన్, షోర్ రోడ్డు, పుట్టిన సంవత్సరం. మధ్యపేరు దగ్గర గీత పెట్టింది. అతనికో మధ్యపేరు ఉందని అతనికే గుర్తు లేదు. ఊళ్ళో గంట అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

గురువారం పొద్దున కోర్టులో ప్రభుత్వ ప్లీడరు కంప్యూటర్లోకి చూసి లేచి నిలబడ్డాడు.

"అభ్యంతరం ఉంది జడ్జిగారూ. ఈ పేరు మీద, ఇదే రోడ్డులో, ఇదే సంవత్సరం పుట్టిన మనిషికి దొంగతనం కేసులో శిక్ష పడింది. నెలా తేదీ ఆ పాత రికార్డులో లేవు."

గంట డంకన్ మొహం ఉడికించిన పీతలా ఎర్రబడింది. "నేనా? దొంగనా?"

"అది బూట్లండీ!" అని అరిచింది ఎఫీ. "ఈయన గంట!"

జడ్జి కళ్ళజోడు పైనుంచి చూశారు. హాల్లో ముప్ఫైమందికి ఎవరు ఎవరో తెలుసు. తెలియనిది కంప్యూటరుకొక్కదానికే, కోర్టు నమ్మేది కూడా దాన్నే.

"వేలిముద్రలు పంపండి. మూడు వారాల్లో వస్తాయి. అప్పుడు చూద్దాం," అన్నారు జడ్జి.

"సోమవారం నాకు ఆపరేషనండీ."

"అర్థమైందమ్మా. అయితే ఈ రోజే తప్పుకుంటానంటారా? తప్పుకుంటే ఇతన్ని కస్టడీకి పంపాలి. రెండింటికి మళ్ళీ కూర్చుంటాను. ఆలోచించుకుని చెప్పండి."

వరండాలో ఆలిస్టర్ గోడకి ఆనుకుని మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, దిగిపో. మూడు వారాలేగా. నేను చూసుకుంటాను."

"నోర్ముయ్. వాడి అన్న నిన్ను మూడు రోజులు కూడా చూసుకోనివ్వడు."

"మరి నీ గడ్డ ఆగుతుందా?"

ఎఫీ కోటు వేసుకుని మెట్లు దిగింది. ఆవిడ ఎటు వెళ్తే వాడూ అటే పోవాలి కాబట్టి వెనకాల పది అడుగుల దూరంలో నడిచాడు. చూసేవాళ్ళకి ఎవరు ఎవరికి కాపలానో తెలియదు.

సరుకుల దుకాణం ముందు బూట్ల డంకన్ చేపముక్కలు వేయించే బండి పెట్టుకున్నాడు. నలుగురు వరసలో ఉన్నారు. ఎఫీని చూసి గరిటె గాల్లో ఆపేశాడు.

"ఓహో! దారి తప్పావా ఎఫీ? నీ నడక రోడ్డుకి అవతలి పక్కన కదా."

"చేపముక్కల కోసం రాలేదు."

"తెలుసులే. నా నూనె ట్రాక్టరులోంచి తీసిందని ఊరంతా చెప్పింది నువ్వేగా."

ఎఫీ ఆ మాట పట్టించుకోకుండా కోర్టులో జరిగిందంతా చెప్పింది. వరసలో వాళ్ళు తమ వంతు మర్చిపోయి విన్నారు. బూట్ల డంకన్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"గంటగాడిని దొంగన్నారా? చర్చిలో నేను పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోతాడు వాడు! దేవుడున్నాడే ఎఫీ!"

"నువ్వొచ్చి ఆ శిక్ష నీదని చెప్పాలి. రెండింటికి."

అతని నవ్వు ఆగిపోయింది. గరిటె నూనెలో పెట్టి తిప్పాడు.

"ఆ రోజు తొంభై రోజులన్నప్పుడు నీ మొగుడు చప్పట్లు కొట్టాడు. నువ్వూ కొట్టావు."

"కొట్టాను."

"ఇప్పుడు నేనే వెళ్ళి అదే మాట అందరి ముందూ మళ్ళీ ఒప్పుకోవాలి."

"అవును."

"ఆ గదిలోకి మళ్ళీ కాలు పెట్టనని ఒట్టేసుకున్నాను."

"నీతో మాట్లాడనని నేనూ ఒట్టేసుకున్నాను."

అతను వరసలో మొదటివాడితో "ఉప్పెయ్యనా?" అన్నాడు. ఎఫీ ఇంకాసేపు నిలబడింది. ఇంతకన్నా బతిమాలడం ఆవిడకి రాదు.

రెండయింది. జడ్జి వచ్చి కూర్చున్నారు. తలుపు మూశారు.

"చెప్పండమ్మా. ఉంటారా, తప్పుకుంటారా?"

ఎఫీ లేచింది. ఉంటానంటే గడ్డ ఉంటుంది. తప్పుకుంటానంటే ముందు బెంచీలో కూర్చున్న ఆలిస్టర్ మెడ కనిపిస్తోంది, వెంట్రుకలు కత్తిరించి రెండు రోజులే అయింది, తనే కత్తిరించింది. నోరు తెరిచింది. జడ్జి కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "నేను…" అంది.

తలుపు తెరుచుకుంది. వేయించిన నూనె వాసన ముందొచ్చింది, దాని వెనక బూట్ల డంకన్ వచ్చాడు. నడుముకి ఏప్రాన్ అలాగే ఉంది.

"ఆ కంప్యూటర్లో ఉన్నది నేనండీ," అన్నాడు గుమ్మంలోంచే.

ప్రమాణం చేయించారు. బూట్ల డంకన్ సాక్షి బోనులో నిలబడి ఏప్రాన్ విప్పి మడతపెట్టుకున్నాడు. ప్రభుత్వ ప్లీడరు ఊరికే వదల్లేదు. స్నేహితుడి కోసం అబద్ధం చెప్పడని నమ్మకమేమిటన్నాడు.

"స్నేహితుడా? గంటగాడా? వాడు నా బండి దగ్గర ఒక్క ముక్క కొనలేదండీ పదేళ్ళల్లో."

"దొంగతనం ఎలా జరిగిందో చెప్పు."

"నీళ్ళ మీద ఎరుపు బెండ్లు, తెల్ల గీత, అదీ ఎఫీ మొగుడి బుట్టల గుర్తు. పొగమంచు రోజు. నలభై రెండు బుట్టలు లేపాను."

ప్లీడరు రికార్డు చూశాడు. "ఇందులో ముప్ఫై ఎనిమిదని ఉంది."

"దొరికినవి ముప్ఫై ఎనిమిదండీ."

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జి నవ్వలేదు. ఇద్దరు డంకన్‌ల లైసెన్సులూ తెప్పించుకున్నారు. ఒకడు మార్చిలో పుట్టాడు, ఇంకొకడు నవంబరులో. పాత కేసు ఫైలు పైగది నుంచి తెప్పించి సంతకం పక్కన సంతకం పెట్టి చూశారు. ప్లీడరు కూర్చుని, ఇక అభ్యంతరం లేదన్నాడు.

గంట డంకన్ సంతకం పెట్టాడు. గుమాస్తా ముద్ర వేసింది. ఆ తర్వాతే ఎఫీ పేరు మీద గీత పడింది. ఆ రెండిటి మధ్యా ఆవిడ గుమాస్తా చేతి మీంచి కళ్ళు తిప్పలేదు.

కొత్త ఆర్డరు ప్రకారం ఆలిస్టర్ ఇక గంట డంకన్ ఇంట్లో ఉండాలి. కోర్టు బయట వాడు గంట డంకన్ ట్రక్కు ఎక్కుతుంటే ఎఫీ కిటికీ పట్టుకుంది.

"వీడికి ఎనిమిదింటికే తిండి పెట్టు. తర్వాత పెడితే సిగరెట్టంటూ వాకిట్లోకి పోతాడు. పోతే—"

"ఎఫీ," అన్నాడు గంట డంకన్, "కాగితం మీద ఇప్పుడు నా పేరుంది."

ట్రక్కు వెళ్ళిపోయింది. ఆలిస్టర్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఎఫీ మెట్ల మీద ఒంటరిగా నిలబడింది. తేలిగ్గా ఉంటుందనుకుంది. ఇన్నాళ్ళూ వాడి భయం వెనకాల నక్కి కూర్చున్న ఇంకో భయం, ఇప్పుడు చోటు ఖాళీ అవడంతో ముందుకొచ్చి నిలబడింది. సోమవారానికి నాలుగు రోజులు.

బూట్ల డంకన్ తన కారు తలుపు తెరిచాడు. "ఎక్కు. షోర్ రోడ్డుకేగా."

ఎఫీ రోడ్డు అటూ ఇటూ చూసి ఎక్కింది. ఊరు దాటాక అడిగింది.

"డంకన్, నీకెప్పుడైనా మత్తుమందు ఇచ్చారా?"

"పన్ను పీకినప్పుడు ఇచ్చారు."

"అప్పుడు ఏమైనా తెలుస్తుందా?"

"ఏం తెలీదు."

"మళ్ళీ తెలివి వస్తుందా?"

అతను ఆవిడ వైపు చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. "వచ్చింది ఎఫీ. బండి తోలుతున్నాగా."

ఎఫీ చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని, "కాస్త మెల్లగా పోనీ," అంది.