మెట్ల మీద నమ్మి చెప్పిన మాట

ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. ముందుగా నా ఫిర్యాదు అదే. అడిగి ఉంటే చెప్పేవాడిని. చెప్పేవాడినా? ఏమో. కానీ అడగవలసినవాళ్లు అడగలేదు, అనుమానించవలసినవాళ్లు అనుమానించలేదు. ఈ బరువును నేనొక్కడినే అశోక్‌నగర్ నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి అశోక్‌నగర్‌కీ మోసుకు తిరుగుతున్నాను. తప్పు చేసినవాడిని కూడా ఎవరూ పట్టించుకోకపోతే వాడు ఎక్కడికి పోవాలి?

నవ్వకండి. నా సంగతి మీకు తెలియదు. మా వీధిలో మ్యాన్‌హోల్‌కు మూత వేసేదాకా మున్సిపల్ ఆఫీసు మెట్లు దిగని మనిషిని నేను. మా తమ్ముడి పెళ్లిలో నన్ను మొదటి బంతి నుంచి లేపి రెండో బంతికి పంపినవాడి పేరు ఇవాళ్టికీ చెప్పగలను. అలాంటివాడిని, ఇప్పుడు నా మీద నేనే ఫిర్యాదు రాసుకుంటున్నాను. చేయి సరిగ్గా సాగడం లేదు. రెండు వాక్యాలు రాసి లేచి బాల్కనీలోకి వెళ్లి వస్తున్నాను. ఆదివారం లోపల ఇది పూర్తి కావాలి.

ఎదుటి ఫ్లాటులో మల్లేశం ఉండేవాడు. అది అసలు పేరు కాదు. ఈసారికైనా అతని సంగతి కాస్త దాచనివ్వండి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, చిక్కడపల్లిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు జాగ్రఫీ చెప్పేవాడు. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం, మా నాన్న ఉద్యోగంతో ఇక్కడ స్థిరపడ్డాం. నాకూ మల్లేశానికీ మాట కలవడానికి కారణమంటూ ఏమీ లేదు. అతను నన్ను అన్నా అనేవాడు. ఆ బిల్డింగులో నన్ను అలా పిలిచినవాడు అతనొక్కడే.

2009లో నాకు లాడ్జి పిచ్చి పట్టింది. నారాయణగూడలో మా అమ్మ మోకాళ్లకు మందిచ్చే హోమియో డాక్టరుగారు ఒక సాయంత్రం క్లినిక్ తొందరగా మూసి, నల్ల సూటులో, చేతిలో పలచటి తోలు పెట్టెతో బయటికి వచ్చారు. పెళ్లికా అని అడిగితే, లాడ్జికి అన్నారు. ఫ్రీమేసన్ల లాడ్జి, అంటే ఆ పాత రహస్య సంఘంవాళ్లు కూడే చోటు. చిన్నప్పుడు మా పెద్దవాళ్లు దాన్ని దయ్యాల కొంప అనేవారు. ఆ మాటకు డాక్టరుగారు నవ్వారు. లోపల జడ్జీ అయినా గుమాస్తా అయినా ఒకరినొకరు బ్రదర్ అనుకుంటారనీ, ఏ మతం వాడైనా రావచ్చనీ, మతం గురించీ రాజకీయాల గురించీ అక్కడ మాట్లాడుకోరనీ చెప్పారు. వాళ్లు ఎవరినీ పిలవరట. కావాలనుకున్నవాడు తనంతట తను వచ్చి అడగాలట.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవాడిని. నా తర్వాత చేరినవాళ్లు నాకు పైవాళ్లయ్యారు. నేను గదిలోకి వస్తే లేచి, రండి బ్రదర్ అనే చోటు ఈ నగరంలో ఒకటుందని తెలిశాక నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా వెళ్లి అడిగాను, అర్జీ కూడా రాసిచ్చాను. "చూద్దామండి" అన్నారు డాక్టరుగారు. ఆ మాటను పట్టుకుని హిమాయత్‌నగర్‌లో నల్ల సూటు కుట్టించుకున్నాను. పిలుపు రాకుండానే సూటేమిటని మా ఆవిడ అడిగింది. మల్లేశానికి చెబితే పకపకా నవ్వాడు.

"లాడ్జా? రూముకు కిరాయెంతనే అన్నా?"

ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. నాకు కబురు రాలేదు. అమ్మ మందుల కోసం వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు మోకాళ్ల గురించే అడిగేవారు.

ఆ వానల్లోనే మల్లేశం దగ్గర చదివే ఒక కుర్రాడు హాస్టల్లో డెంగీ వచ్చి పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లింది మల్లేశమే. ఊరి నుంచి వచ్చిన తండ్రికి చెప్పవలసి వచ్చిందీ మల్లేశమే. మర్నాడు మధ్యాహ్నం నేను కూరగాయల సంచీతో దిగుతుంటే, అతను మెట్ల మీద, గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఆ ముసలాయన నన్నేమడిగిండో తెల్సా అన్నా? మావోడు పరీక్ష మంచిగ రాసిండా సార్, అన్నడు. పీనుగ పక్కన నిలబడి పరీక్ష సంగతి అడుగుతుండు."

"నువ్వేమన్నావు?"

"మంచిగ రాసిండన్న. ఇంకేమంట?" ముఖం తుడుచుకున్నాడు. "దేవుడు లేడన్నా. ఉంటే ఒక్కసారి ఆ ముసలాయన ముందటికొచ్చి నిలవడమను. లేడు. గీ మాట ఇంట్ల కూడ అనలే, సుగుణ దినాం దీపం పెడ్తది. నీకే చెప్పిన. నీ తానే ఉండనియ్యి."

భుజం మీద చేయి వేశాను. ఉంచుతానన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

ఆ శనివారం అతను భార్య సుగుణతో కలిసి హనుమంతుడి గుడిలో కొబ్బరికాయ కొట్టాడు. నేను క్యూలో వాళ్ల వెనకే ఉన్నాను, కళ్లారా చూశాను. దీన్ని గుర్తుంచుకోండి. నేను మరిచిపోవడానికి చాలా ప్రయత్నించిన సంగతి ఇదే.

తర్వాత తుమ్ములకు మందు కోసం మల్లేశం ఆ డాక్టరుగారి దగ్గరికే వెళ్లాడు. వెళ్లమన్నది నేనే. మాటల్లో లాడ్జి సంగతి వచ్చింది, నేనూ రావచ్చా సాబ్ అని అడిగాడు. అంతే. పండగ సీజను దాటగానే ముగ్గురు పెద్దమనుషులు అతని ఇంటికి వచ్చారు. లాడ్జిలో చేర్చుకునే ముందు ఇంటికి వచ్చి మనిషినీ, భార్యనూ కలిసి మాట్లాడి వెళ్లడం వాళ్ల పద్ధతి. ఎండాకాలానికి ముందు నుంచీ ఎదురుచూస్తున్నది నేను. వాళ్లు ఎక్కింది నా మెట్లే. తట్టింది ఎదుటి తలుపు. పైగా మల్లేశం ఇంట్లో కుర్చీలు చాలక సుగుణ మా ఇంటికి వచ్చి అడిగితే, రెండు కుర్చీలు నా చేతులతో నేనే తీసుకెళ్లి వేశాను. ఆ ముగ్గురిలో డాక్టరుగారు నన్ను చూసి, "ఓ, మీరు ఇక్కడేనా ఉండేది?" అన్నారు.

ఆ ఒక్క మాట. చేసిన తప్పంతా ఆ మాట మీదకు తోసేయాలని ఇప్పటికీ ఉంది. నా అర్జీలో చిరునామా రాశాను కదా! చదవనే లేదా?

వాళ్లు వెళ్లేటప్పుడు కుర్చీలు వెనక్కి తెచ్చుకుంటున్నాను. మిగతా ఇద్దరూ ముందు దిగిపోయారు. డాక్టరుగారు మెట్ల దగ్గర ఆగారు.

"మీకు బాగా దగ్గరవాడట కదా. దైవం మీద నమ్మకం ఉన్న మనిషేనా? ఏ దేవుడైనా మాకు ఒకటేనండి. కానీ అసలు నమ్మకమే లేకపోతే మా తలుపు దగ్గరే ఆగిపోవాలి."

ఆ నియమం నాకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

"మనిషి బంగారమండి," అన్నాను. "కానీ దేవుడు లేడంటాడు."

"అందరి ముందూ అంటాడా?"

"లేదండి. నాతో ఒక్కడితోనే చెప్పాడు."

ఆ చివరి మాట గర్వంగా చెప్పాను. వినండి, గర్వంగా. డాక్టరుగారు నా చేతిలోని కుర్చీ వైపు కాసేపు చూసి, దిగి వెళ్లిపోయారు. చనిపోయిన కుర్రాడి గురించి నేను చెప్పలేదు. ఆ తండ్రి గురించి చెప్పలేదు. కొబ్బరికాయ గురించి చెప్పలేదు. దేవుణ్ణి నమ్ముతానని మల్లేశం లోపల వాళ్లకు అప్పటికే చెప్పి ఉంటాడు, అది వాళ్లు తప్పక అడిగే ప్రశ్న. అంటే నా మాటతో అతను నాస్తికుడే కాదు, అబద్ధాలకోరు కూడా అయ్యాడు.

నేను అబద్ధం ఆడలేదు. నాలుగేళ్లుగా నా వాదన ఇదే. అతను అన్న మాటే కదా చెప్పాను, ఒక్క అక్షరం కలిపానా? కలపలేదు. తీసేశాను. ఆ మాట చుట్టూ ఉన్నదంతా తీసేసి, మాటను మాత్రం అప్పగించాను. అతన్ని బయటికి గెంటాలనుకున్నానా? లేదు, నా వెనక నిలబడితే చాలనుకున్నాను. ఈ రెంటికీ తేడా ఉందని చాలాకాలం నమ్మాను.

లాడ్జిలో ఔనంటే తెల్లగోళీ, కాదంటే నల్లగోళీ పెట్టెలో వేసి తేలుస్తారట, ఏది ఎవరు వేశారో ఎవరికీ తెలియదట. కారణం చెప్పడం ఉండదు. ఈసారికి కుదరలేదని మాత్రం డాక్టరుగారు మల్లేశానికి చెప్పారు. అవి ఎలాంటి రోజులో మీకు గుర్తుండే ఉంటుంది. వారానికో తెలంగాణ బందు, యూనివర్సిటీ దగ్గర పోలీసులు, మా బిల్డింగులోనే కొందరు ఒకరినొకరు పలకరించుకోవడం మానేశారు. కారణం చెప్పకపోతే మనిషి ఊరుకుంటాడా? దొరికిన కారణాన్ని అందుకుంటాడు.

"నా భాష నచ్చలేదన్నా వాళ్లకు. కూసోండ్రి అన్న గద, గప్పుడే మొఖాలు మారినయ్. మీ ఆంధ్రోళ్లంతా ఒక్కటే." అని, వెంటనే నా చేయి పట్టుకున్నాడు. "నువ్వు వేరే అన్నా. నువ్వు కుర్చీలు మోసినవ్."

వచ్చిన ముగ్గురిలో ఒకాయన పార్శీ. ఆ సంగతైనా అనవచ్చు. అనలేదు. అతని కోపం అటువైపు ఎంత పోతే నాకు అంత మంచిదనిపించింది. మొదటి తప్పు నోరు జారి చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది నోరు మూసుకుని, రోజూ, తెలిసి చేశాను.

ఒకరోజు అతను క్లినిక్‌కు వెళ్లి, రోగులందరి ముందూ డాక్టరుగారిని నిలదీశాడు. "మందులకు మేం పనికొస్తం, పక్కన కూసోనీకి పనికిరామా?" అని. నేను అమ్మ మందుల కోసం బెంచీ మీద ఉన్నాను. మీ స్నేహితుడే చెప్పాడయ్యా అని ఒక్క మాట అంటే డాక్టరుగారి పరువు నిలిచేది. అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే బాగుండేది. మల్లేశం అరవడం అయ్యాక, తుమ్ములు తగ్గాయా అని అడిగి పొట్లం కట్టి ఇచ్చారు. మల్లేశం దాన్ని అక్కడే బల్ల మీద వదిలేశాడు.

తర్వాత కొన్నాళ్లకు మా ఇంటికీ వచ్చారు. అవును, ఆ ముగ్గురే. మా ఆవిడ పెసరట్లు వేసింది. దేవుణ్ణి నమ్ముతారా అంటే, మా దేవుడి గది తలుపు తీసి చూపించాను. చివర పార్శీ పెద్దాయన అడిగారు.

"ఎవరైనా మిమ్మల్ని నమ్మి ఒక మాట చెబితే, అది మీ దగ్గరే ఉంటుందా?"

"ప్రాణం పోయినా ఉంటుందండి," అన్నాను.

డాక్టరుగారు ప్లేటులో పెసరట్టును తుంచుతూ, తినకుండా తుంచుతూ, తల వంచుకునే ఉన్నారు.

ఆ తర్వాత జవాబు లేదు. మల్లేశానికి కాదన్న మాటైనా చెప్పారు. నాకు అదీ లేదు. ఉత్తరాలు రాశాను, గుర్తుచేస్తూ మళ్లీ రాశాను, క్లినిక్ గుమ్మంలో నిలబడ్డాను. చూశారా, ఒప్పుకోలులో కూడా నా అర్జీ సంగతి వదలలేకపోతున్నాను. ఎందుకు జవాబు రాలేదో నాకు తెలుసు. తెలిసే అడుగుతూ వచ్చాను. అడిగినంతకాలం అన్యాయం జరిగింది నాకేనని నమ్మవచ్చు కదా.

మల్లేశం నిరుడు అడిక్‌మెట్‌కు మారాడు. మొన్న రాష్ట్రం వచ్చిన సంబరాలు సద్దుమణిగాక, మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. నా నోట్లో తనే పెట్టాడు.

"ఇగ ఎవరి మీద కోపం లేదన్నా. డాక్టర్ సాబ్‌ను గట్ల తిట్టుడు తప్పే. ఆయన ఒక్కడేం జేస్తడు పాపం. ఆదివారం పోయి మాఫీ అడుగుత. అందరి ముందట తిట్టిన గద, అందరి ముందటనే అడుగుత. నువ్వు గూడ రా అన్నా, జర ధైర్యముంటది."

వస్తానన్నాను. మిఠాయి మింగి, వస్తానన్నాను.

ఆదివారం ఏం జరుగుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. మల్లేశం చేతులు జోడిస్తాడు. డాక్టరుగారు ఫరవాలేదంటారు, కారణం ఇప్పుడూ చెప్పరు. ఒకరికి ఒకరు బాకీ లేని ఇద్దరు మంచివాళ్లు ఒకరినొకరు క్షమించుకుంటూ ఉంటే, నేను ధైర్యం చెప్పడానికి వచ్చినవాడిలా బెంచీ మీద కూర్చుంటాను. అది నావల్ల కాదు. నిన్నటి నుంచి ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతూనే ఉన్నాను. మా ఆవిడ బీపీ చూపించుకోమంది.

కాబట్టి శనివారం అడిక్‌మెట్ వెళ్లి ఈ కాగితాలు అతని చేతిలో పెడతాను. ముందు మీకు చెప్పడం ఎందుకంటే, మీరు మధ్యలో లేచి వెళ్లిపోయినా నాకు తెలియదు. అతను లేస్తే తెలుస్తుంది. క్షమించమని అడగను. అడిగితే అది కూడా ఒక అర్జీ అవుతుంది, దానికి జవాబు రాలేదని మళ్లీ మొదలుపెడతాను. నన్ను నేను ఎరుగుదును. అయినా, చేసింది నేనే అని పైన రాసేశాక గుండెలో ఒక మూల గాలి ఆడుతోంది. అంతమాత్రానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు, ఆడుతోంది.

ఇక మల్లేశం, నీతో. తిట్టాలంటే తిట్టు, కొట్టాలంటే కొట్టు. నీ గుమ్మంలోనే నిలబడి ఉంటాను. కానీ ఒక్క ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పి తీరాలి. ఆ బిల్డింగులో అంతమంది ఉన్నారు. వాళ్లతో నేను పడిన గొడవలు చూశావు, ఎవరు ఎప్పుడు నన్ను చిన్నచూపు చూశారో లెక్క అప్పజెబుతుంటే విన్నావు. నేను ఏదీ వదిలేసే మనిషిని కానని నీకంటే బాగా ఎవరికీ తెలియదు. అన్నీ తెలిసి, ఆ మధ్యాహ్నం ఆ మాట నాతోనే ఎందుకు చెప్పావు? నాలో ఏం చూసి చెప్పావు? చెప్పు. ఇది తెలియకుండా నీ గుమ్మం దిగను.