ముడుపు కట్టిన కారు

నా చిన్నప్పుడు కొడకండ్లలో మా మేనమామ కిరాయికి తిప్పడానికి పాత కారొకటి కొన్నాడు. జనగామ షావుకారు పెద్ద బండి చూపించినా, తక్కువ పెట్రోలు తాగుతుందని చిన్నదాన్నే ఎంచుకున్నాడు. "గిది కారా, అగ్గిపెట్టెనా?" అని ఊరంతా నవ్వింది. మామ లెక్కచేయలేదు. ఎంచుకోవడంలో అంత తెలివి చూపినవాడు, చూసుకోవడంలో మాత్రం మా అమ్మమ్మ మాటకు కట్టుబడ్డాడు.

దసరానాడు అమ్మమ్మ రెండో బండి కొనాలని మొక్కుకొని, ఎర్రగుడ్డలో కొబ్బరికాయ మూటగట్టి, బానెట్ లోపల ఇంజను గాలి పీల్చే డబ్బాకు చుట్టి కట్టించింది. మొక్కు తీరేదాకా ముడుపు విప్పకూడదు. అది విప్పకుండా డబ్బా మూత రాదు, మూత తీయకుండా లోపలి జాలీ దులపలేరు. కంకర రోడ్ల దుమ్మంతా అందులోనే పేరుకుంది. గాలి అందని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగి నల్లటి పొగ కక్కేది.

"తమ్ముడా, నీ బండి కంటే నా కట్టెల పొయ్యి నయంరా. గా ముడుపు ఇప్పి దులుపరాదు?" అని మా అమ్మ ఎగతాళి చేసేది.

"ఊకో అక్కా, అవ్వ ఇన్నదంటే నన్ను దులుపుతది" అనేవాడు మామ.

ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లు మొదటిసారి భగ్గుమన్న ఏడు అది. ఒక బందు రోజు పొద్దున మిరపతోటలో అమ్మను పాము కరిచింది. విరుగుడు మందు వరంగల్ పెద్ద దవాఖానలోనే దొరుకుతుంది. పెట్రోలు బంకులన్నీ మూసి ఉన్నాయి. మామ ఇంట్లో ఉన్న ఒక్క డబ్బా పెట్రోలూ పోసి, చిన్న కారు కదా, చాలన్నాడు. శుభ్రంగా ఉంచుకున్న కారుకైతే చాలేదే.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చున్న విద్యార్థులు అమ్మను చూసి లేచారు. "జరుగుండ్రిరా, పాము కరిసిందట! పో అన్నా, జల్ది పో!" అంటూ రాళ్లు వాళ్లే తీశారు. ఉద్యమం దారి ఇచ్చింది. కారే ఇవ్వలేదు. కొంతదూరం పోయాక పెట్రోలు అయిపోయి, దగ్గి ఆగిపోయింది. ఎడ్లబండి దొరికేసరికి అమ్మ ఒళ్లు చల్లబడింది.

పెద్దకర్మ నాడు చుట్టాలంతా "రాత బిడ్డా, గంతే రాసిపెట్టి ఉండె" అని నా తల నిమిరారు. మామ లేచి వెళ్లి బానెట్ ఎత్తాడు. "వద్దు కొడుకా!" అని అమ్మమ్మ అరుస్తున్నా ముడుపు విప్పి, జాలీ బయటకు తీసి నేలకేసి కొట్టాడు. పిడికెడు దుమ్ము రాలింది.

"రాత గాదవ్వా, గిది. నేను దులుపలే" అన్నాడు.

మర్నాడు బంకుకు పోయి అదే డబ్బా నిండా పెట్రోలు తెచ్చి ఖాళీ కారులో పోశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని వరంగల్ బయలుదేరాడు. అమ్మ పోయిన చోటు దాటింది కారు. దవాఖాన గేటు ముందుకొచ్చాక కూడా ఇంజను ఆడుతూనే ఉంది.

"సూసినవా బిడ్డా, గంతే పెట్రోలుతోని ఈడిదాక అస్తది" అన్నాడు మామ. ఆపైన స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు.

నన్నెందుకు తీసుకెళ్లాడో చాలా ఏళ్లకు అర్థమైంది. లోకమంతా కలిసి చేతికందించిన ఓదార్పును ఆయన వద్దన్నాడు. తల్లి లేని పిల్లకు అబద్ధం చెప్పనన్నాడు. కారణం తెలిస్తే దుఃఖం తగ్గుతుందని నేను చెప్పను, నాకు తగ్గలేదు. కాని చావింట్లో ఎవరైనా రాత అన్నప్పుడల్లా ఇప్పటికీ నా గొంతు లేస్తుంది. ఆ మాటతో సరిపెట్టుకున్న ఇంట్లో దుమ్ము దుమ్ములాగే ఉండిపోతుంది, మరో అక్క ఆ కారే ఎక్కుతుంది.