కాగితం లేని ఆదివారం

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ హోటల్లో సాయంత్రం జాజ్ వాయిస్తున్నారట, నువ్వు రావాల్సిందే, కాదనకూడదు" అంది. నేను కాదంటే కదా! ఫోన్ పెట్టేసేలోపే బీరువాలోంచి గంజి పెట్టిన చీర తీసి మంచం మీద వేశాను. యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు, చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ కరుణించాలి, అంతే. లోపల చల్లగా ఉంది, ఎక్కడ చూసినా కుర్రకారే. ఓ మూలన చిన్న వేదిక మీద సాక్సఫోన్ మెడలో తగిలించుకుని ఒక అమ్మాయి నిలబడింది, ముక్కుపుడకతో, జీన్సు ప్యాంటుతో. వాయించబోయే ముందు, సాక్సఫోన్ మూతికి బిగించే పల్చటి బద్దను, రీడు అంటారు దాన్ని, నోట్లో పెట్టుకుని తడుపుకోసాగింది. మా ఆయన కూడా అలాగే నోట్లో రీడు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవారు. ఇంట్లో ఏ మాట ముదిరినా ఆయనకు సరిగ్గా అప్పుడే రీడు తడపాల్సిన అవసరం వచ్చేది. ఇక దేనికైనా "ఊ" అనడమే తప్ప మాటుండేది కాదు.

మా ఆయన తుని దగ్గర పెళ్లిళ్ల బ్యాండుమేళంలో క్లారినెట్‌తో మొదలుపెట్టి, మద్రాసు వెళ్లి సాక్సఫోన్ నేర్చుకుని, సినిమా వాళ్లందరూ హైదరాబాదు తరలివచ్చాక వాళ్ల వెంట మూటాముల్లె సర్దుకుని వచ్చిన మనిషి. ఫిలింనగర్‌లో రికార్డింగ్ థియేటర్‌కి పొద్దున్నే స్కూటర్ మీద వెళ్లేవారు. అక్కడ ఆయన పనల్లా, ఎదురుగా స్టాండు మీద ఉన్న కాగితంలో ఏ స్వరం రాసుంటే అది, ఎంతసేపని రాసుంటే అంతసేపు వాయించడమే. పెద్ద బృందం కలిసి వాయిస్తున్నప్పుడు ఒక్కరు తప్పు వాయించినా అందరూ మళ్లీ మొదటికి రావాలి. "నా మూలంగా ఏనాడూ రెండో టేకు కాలేదు" అన్నదొక్కటే ఆయన చెప్పుకునే గొప్ప. ఇంట్లో నేను ఆ మాట వినీ వినీ, ఉప్మాలో ఉప్పు సరిపోయిన రోజు "నా మూలంగా కూడా కాలేదండోయ్" అనేదాన్ని. ఆ తరువాత కీబోర్డులు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఒక్క కుర్రాడే కూర్చుని బృందం మొత్తాన్నీ వేళ్లతో నొక్కేయడం మొదలుపెట్టాడు. ఫిలింనగర్ నుంచి కబురు రావడం తగ్గిపోయింది.

అలాంటి రోజుల్లో సికింద్రాబాద్‌లో పియానో నేర్పే పెద్దాయన ఒకరు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని, మా ఆయన్ని జూబ్లీహిల్స్‌లో ఒక రెస్టారెంటుకు లాక్కెళ్లారు. ఆదివారం సాయంత్రాలు అక్కడ జాజ్ వాయించడానికి పియానో, డ్రమ్స్, మా ఆయన సాక్సఫోన్, మొత్తం ముగ్గురు. నేనూ వెళ్లి ఒక మూల బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మొదటి వారం చాలాసేపు ఓపిక పట్టి, "పాట ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను. అప్పటికే రెండు అయిపోయాయట. పాపం అన్నయ్యగారే ఓపిగ్గా చెప్పారు. ముందు ముగ్గురూ కలిసి పాట వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరూ వంతులవారీగా ఆ పాటని పట్టుకుని అప్పటికప్పుడు తమకు తోచినట్టు అల్లుకుంటూ పోతారు. చివర్లో మళ్లీ ముగ్గురూ కలుస్తారు. మన కచేరీల్లో మనోధర్మం అంటారే, అలాంటిదే అన్నమాట.

ఆ అప్పటికప్పుడు తోచడమే మా ఆయనకు చేతకాలేదు. జీవితమంతా కాగితం చూసి వాయించిన మనిషి కదా! అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. ఆదివారం తనకు తోచబోయేదాన్ని సోమవారమే కూర్చుని రాసుకునేవారు. వారమంతా సాధన చేసి, కంఠతా పట్టి, ఆదివారం కళ్లు మూసుకుని, అప్పుడే పుట్టినట్టు వాయించేవారు. నేను వంటింట్లో పోపు వేస్తూ వినేదాన్ని. గురువారం వచ్చేసరికి నాకూ నోటికి వచ్చేసేది, కూరలు తరుగుతూ కూనిరాగం తీసేదాన్ని. ఇందులో తప్పుందని నాకు తట్టనేలేదు. కష్టపడి నేర్చుకున్నది ఎక్కువా, అప్పటికప్పుడు తోచింది ఎక్కువా అంటే, మా ఇంట్లో ఎవరైనా మొదటిదే అంటారు.

ఒక ఆదివారం వాయింపు అయ్యాక పియానో అన్నయ్యగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏం వాయించిండమ్మా మీ ఆయన! గంత మంచి ముక్కలు యాడికెళ్లి పట్టుకొస్తడో!" అన్నారు. నాకు గర్వం తన్నుకొచ్చింది. "మరేమనుకున్నారండీ? సోమవారమే రాసుకుని, వారమంతా ఊపిరి సలపకుండా సాధన చేశారు" అన్నాను. ఆయన "రాసుకున్నడా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. మెచ్చుకోలుకు మాటలు చాలలేదు కాబోలు అనుకున్నాను.

మరుసటి ఆదివారం యథాప్రకారం పాట మొదలైంది. మా ఆయన వంతు వచ్చింది. వారమంతా నేను విన్నదే, పొల్లుపోకుండా వాయించారు. అది ముగిసే చోట పియానో అందుకోవాలి. అందుకోలేదు. అన్నయ్యగారు చేతులు ఒళ్లో పెట్టుకుని మా ఆయన వైపు చూస్తూ కూర్చున్నారు. డ్రమ్స్ అబ్బాయి కూడా పుల్లలు పైకెత్తి ఆగిపోయాడు. రికార్డింగులో అందరూ ఆగిపోయారంటే ఎవరో తప్పు చేశారనే లెక్క. మా ఆయన మొహం పాలిపోయింది. అలవాటు కొద్దీ కాగితం కోసం ముందుకు చూశారు, అక్కడ స్టాండు లేదు. అప్పుడు నా వైపు చూశారు. ఏం చేయాలో తెలియక, ఇంకొంచెం అన్నం పెట్టించుకోండి అన్నట్టు తలూపాను.

ఒక స్వరం వాయించారు. తప్పు స్వరం. నాకే తెలిసిపోయింది. ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. ఆ తప్పు స్వరాన్నే మళ్లీ వాయించారు, మూడోసారి ఇంకాస్త మెల్లగా వాయించారు, అక్కడినుంచి దాని చెయ్యి పట్టుకుని ఎటో వెళ్లిపోయారు. మధ్యలో బ్యాండుమేళం హుషారు వినిపించింది. మాకు పుట్టి దక్కని బిడ్డ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అదీ వినిపించింది. ఎలా అంటే నేను చెప్పలేను, వినిపించింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషిని ఆ సాయంత్రమే మొదటిసారి చూస్తున్నట్టుంది. చీర కొంగు తడిసిపోయింది. పియానో ఎప్పుడు కలిసిందో, పాట ఎప్పుడు అయిపోయిందో తెలియదు.

తిరిగి వస్తూ ఫిలింనగర్ వాలులో స్కూటర్ పక్కకు ఆపారు. "ఏమే, మధ్యలో ఒకచోట పైకెళ్లి మెల్లగా దిగాను చూడు, అదొకసారి అను" అన్నారు. ఆయన సాధన చేసిన ప్రతిదీ నాకు నోటికి వచ్చునని ఆయనకు తెలుసు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. "నేను ఏడుస్తూ కూర్చున్నానండీ, నాకేం గుర్తుంటుంది?" అన్నాను. ఆయనకూ గుర్తులేదు. బండరాళ్ల పక్కన నిలబడి ఇద్దరం చాలాసేపు కూనిరాగాలు తీశాం. దారినపోయే వాళ్లు ఏమనుకున్నారో ఏమో. ఆ వారమంతా రాయబోయారు, కొట్టేశారు, చివరికి కాగితాలు అటక మీద పడేశారు. ఆ తరువాత ఏ ఆదివారానికీ ముందు రాసుకోలేదు. కొన్ని వారాలు ఘోరంగా ఉండేది, అబద్ధం చెప్పను. కొన్ని వారాలు ఇంటికి వచ్చాక అన్నం సయించేది కాదు, అంత బాగుండేది. ఆ పైకెళ్లి దిగడం మాత్రం మళ్లీ రాలేదు. తరువాత ఊపిరితిత్తులు మొరాయించాయి, సాక్సఫోన్ పెట్టెలోకి వెళ్లింది, ఏడాది తిరక్కుండానే ఆయనా వెళ్లిపోయారు. ఆ రెస్టారెంటు ఉన్న చోట ఇప్పుడేదో నగల దుకాణం ఉంది.

పోయిన ఆదివారం ఆ ముక్కుపుడక అమ్మాయి వాయిస్తూ వాయిస్తూ ఒకచోట తడబడింది. వచ్చిందంతా అయిపోయి, తరువాతది ఇంకా దొరకని మొహం అది. నేను కుర్చీ అంచుకు జరిగాను. "పెద్దమ్మా, ఏడుస్తున్నావా?" అని మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఉండవే, విననీ" అన్నాను. ఆ అమ్మాయికి దారి దొరికింది. చక్కగానే వాయించింది, చప్పట్లు కూడా కొట్టాను. అది ఆ అమ్మాయి దారి. ఇంటికి వస్తుంటే ఆటోలో పాత సినిమా పాట వచ్చింది. చరణానికి ముందు మా ఆయన సాక్సఫోన్‌తో వచ్చి, ఒక్క తప్పు లేకుండా వాయించి వెళ్లిపోయారు. ఆయన కాగితం చూసి వాయించినవీ, రాసుకుని వాయించినవీ అన్నీ కాలం నాకు భద్రంగా మిగిల్చింది. ఆయన నాకు దొరికిన ఆ కాసేపటిని మాత్రం, నా చెవుల ముందే తీసుకుపోయింది.