వెనక సీటు కింద జీపీఎస్

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే, "ఉంటే నా కారెక్కమనండి, కిలోమీటరుకింతని తీసుకుని దింపేస్తాను" అనేవాణ్ణి. శ్రీకాకుళంలో పదిహేనేళ్లు వేరేవాళ్ల కార్లు నడిపినవాణ్ణి. శ్మశానాల పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఒక్కటీ చెయ్యెత్తి కారాపలేదు. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

పెద్దనోట్ల రద్దుకి ముందు ఏడాది సొంతంగా కారు కొన్నాను, కిరాయికి తిప్పుకుందామని. నా భార్య రమణమ్మ పుస్తెలు తప్ప ఒంటి మీద బంగారమంతా అందులో పెట్టేసింది. ఆ కారు పోతే మళ్లీ ఇంకొకరి దగ్గర డ్రైవరుగా చేరాల్సిందే. కార్లెత్తుకుపోయి ఒడిశాకి దాటించేస్తున్నారని మా స్టాండులో అప్పట్లో ఒకటే మాట.

అందుకని జీపీఎస్ పెట్టించాలనుకున్నాను. కారెక్కడుందో ఫోనుకి చెప్పే పెట్టె అది. నా బావమరిది సన్యాసిరావు కార్లకి వైరింగు చేస్తాడు. మూడు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి స్టీరింగు కింద గుచ్చేది. సులువుగా ఉందని నాకదే నచ్చింది.

"దొంగోడు ముందు సెయ్యెట్టేది అక్కడే బావా. పీకి తుప్పల్లోకి ఇసిరేస్తాడు," అన్నాడు.

రెండోది అయస్కాంతంతో కారడుగున అతుక్కునేది. మా వానలకి, బురదకి ఎన్నాళ్లుంటుందో తెలియదు, పైగా దానికి ఊరికే చార్జింగు పెడుతుండాలి. చివరికి అగ్గిపెట్టెంత ఉన్న మూడోది తీసుకున్నాం. వెనక సీటు ఎత్తి, కింద వైర్లలో కలిపి టేపు చుట్టేశాడు. ఎక్కడుందో నేనే పోల్చుకోలేకపోయాను. అందులో వేసిన సిమ్ముకి రింగిస్తే కారున్న చోటు మెసేజీ వస్తుంది. నా ఎదుటే ఒకసారి చేసి చూపించాడు. తెగ మురిసిపోయాను.

మర్నాడు శ్రీకూర్మంలో కారు పూజ. సన్యాసి ఏదో పని మీద విజయనగరం వెళ్లాడు. నేను పొద్దున్నే గుమ్మడికాయ, నిమ్మకాయలు కొనడానికి బజారుకెళ్లాను. సొంత కారు పిచ్చి చూడండి, ఆ చప్పుడు వింటుంటే ముద్దుగా ఉందని ఇంజను ఆపకుండా దిగాను. గుమ్మడికాయ భుజానికెత్తుకుని తిరిగేసరికి కారు లేదు.

 ఇంటికి చెప్పే ధైర్యం లేదు. కారులోని నంబరుకి రింగిచ్చాను. మెసేజీ వచ్చింది. పాతపట్నం రోడ్డు, ఒడిశా వైపే. తెలిసిన కానిస్టేబుల్ అప్పలనాయుడి బండి మీద బయల్దేరాం. దారిలో ఇంకో ఆరుసార్లు రింగిచ్చాను, ఆరుసార్లూ జవాబొచ్చింది. అన్నీ అప్పలనాయుడు కళ్లారా చూశాడు. చివరిది పాతపట్నం ఇవతల ఒక రైసుమిల్లు వెనక చూపించింది. కారు అక్కడే ఉంది, ముందు టైరు గాలి పోయి. మనిషి లేడు. తాళం దానికే ఉంది.

బానెట్టు మీద పడి ఏడ్చేశాను.

"ఏట్రా, కారు దొరికితే ఏడుస్తావేటి!" అని అప్పలనాయుడు నవ్వాడు.

టైరు మార్చుకుని, దారంతా హారన్ కొట్టుకుంటూ ఇంటికొచ్చాను. రమణమ్మకి జరిగిందంతా చెప్పి జీపీఎస్‌ని ఆకాశానికెత్తేశాను. ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. లోపలికెళ్లి కుంకుమ బరిణె తెచ్చి మూత తీసింది. కుంకుమలో సిమ్ము ఉంది.

"నిన్న నువ్వు తానానికెళ్లినప్పుడు తమ్ముడి సేత తీయించేను. పూజ కాకుండా ఏదీ మొదలెట్టకూడదని దేవుడి కాడ ఎట్టేను," అంది.

మా ఇళ్లలో అంతే, కొత్త మిక్సీ అయినా దేవుడికి చూపించాకే తిప్పుతారు. సన్యాసి రాగానే సీటు ఎత్తించాను. టేపు విప్పాడు. సిమ్ము పెట్టే చోటు ఖాళీ. మళ్లీ ఆ నంబరుకి రింగిస్తే స్విచాఫ్ అని వచ్చింది. నా ఫోనులో మాత్రం ఆ పొద్దుట వచ్చిన ఏడు మెసేజీలూ ఉన్నాయి.

 రమణమ్మ ఫక్కున నవ్వింది. దాంతో మేమూ ఆగలేకపోయాం. భయమన్నది రాలేదు, ఒట్టు, కడుపు నిండా ఆనందమే. ఆ సాయంత్రమే శ్రీకూర్మం వెళ్లి పూజ చేయించాం.

అదెలా జరిగిందో సన్యాసి చెప్పలేడు. సిమ్ము అమ్మినాయన చెప్పలేకపోయాడు. నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

"పూజైపోయింది కదా బావా, సిమ్ము ఎట్టేద్దాం," అని సన్యాసి ఏళ్లుగా పోరుతూనే ఉన్నాడు. నేను పెట్టనివ్వలేదు. చక్కగా పనిచేస్తున్నదాన్ని కెలకడం దేనికి?