ఆకలి సీసాలో చెంచాడు పంచదార

ల్యాబ్‌లో సీసాలు కడిగే బాబాయిది మహా జాలిగుండె. బాక్టీరియా ఉన్న సీసా మీద మేడమ్ "వీటికి తిండి తక్కువ" అని రాసిపెట్టడం చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఎవరూ చూడకుండా చెంచాడు పంచదార పడేశాడు.

మర్నాడు మేడమ్ తల పట్టుకుంది. "తిండి కరువైతే వీటిలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి బాబాయ్. దొరికిన కాస్తనీ లోపలికి లాక్కోడానికి ఒంటినిండా తలుపులు పెట్టిస్తాయి. ఇవేమో ఒక్క తలుపూ పెట్టలేదు!"

"పాపం జాలేసి నేనే చెంచాడు పంచదార వేశానమ్మా..." అని బాబాయి నీళ్లు నమిలాడు.

"కడుపు నిండాక వాటికేం పట్టింది?" అని ఆవిడ కస్సుమంది.

బాబాయికి మూడేళ్లుగా తన ఇంట్లో తిని తొంగుంటున్న బావమరిది గుర్తొచ్చాడు. ఆ సాయంత్రమే భార్యతో తేల్చి చెప్పేశాడు. "రేపట్నుంచి మీ తమ్ముడికి వండకు. కడుపు కాలితే వాడే కదిలి పని వెతుక్కుంటాడు."

రెండ్రోజులకి మేడమ్ మొహమాటపడుతూ వచ్చింది. "మీ బావమరిదట, నిన్న మా తలుపు తట్టాడు. చూస్తే జాలేసి భోజనం పెట్టాను. ఇప్పుడు మా సోఫాలోనే పడుకున్నాడు బాబాయ్."

బాబాయి తల పట్టుకున్నాడు. "పెట్టేశారూ! కడుపు నిండాక వాడికేం పట్టిందమ్మా?"