అందరి చేతికీ దూదే

సార్ పోయారన్న కబురు గచ్చిబౌలిలో ఆఫీసు బస్సు దిగుతుండగా తెలిసింది. మా పాత వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం: "సార్ ఇక లేరు, మధ్యాహ్నం రెండింటికి చందానగర్ ఇంటి నుంచి తీసుకెళ్తారు." నేను బస్సు మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకావిడ "మేడమ్, జర జరుగుండ్రి" అన్నాక కిందికి దిగాను.

ఆయన మాకు డిగ్రీలో బాటనీ చెప్పారు. ఆ పాఠాలు సగం మరిచిపోయాను. ఆయన పెట్టిన రక్తదాన శిబిరాలు మాత్రం ఒక్కటీ మరవలేదు. రక్తమిస్తే మనిషి చిక్కిపోతాడనీ, ఆడపిల్లలకైతే పెళ్లి కూడా కాదనీ అప్పట్లో ఇళ్లలో గట్టిగా నమ్మేవారు. మేం పదిమంది విద్యార్థులం చందానగర్ బజార్లో కూరగాయల బండ్ల మధ్య అట్టలు పట్టుకుని గొంతు పోయేలా అరిచేవాళ్లం. ఒకావిడ వంకాయలు ఏరుకుంటూ, "ముందుగాల మీ అమ్మ నాయిన ఇచ్చిండ్రా?" అని అడిగితే నేను అట్ట కిందికి దించాను. సార్ నవ్వి, "మంచిగడిగిందామె. ముందు ఇంట్ల చెప్పి రాపో," అన్నారు.

శిబిరం రోజున సార్‌ది ఒక వింత పద్ధతి. మా ల్యాబుకు రెండు తలుపులు. ముందు తలుపు దగ్గర పాత దుప్పటి తెరగా కట్టించేవారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ తెర వెనక ఒంటరిగా కూర్చోబెట్టి, "ఇయ్యాలనుందా? లేకుంటే లేదను. నేనెవ్వరికి చెప్ప," అనేవారు. లేదన్నవాళ్ల మోచేతి మడతలో కూడా ఇంత దూది పెట్టి, ప్లాస్టర్ అంటించి, అదే బిస్కెట్ ప్యాకెట్టు, అదే నిమ్మరసం ఇచ్చి వెనక తలుపు నుంచి పంపేవారు. రక్తం ఇచ్చిందెవరో, ఇవ్వనిదెవరో బయటివాళ్లకు తెలిసే దారే లేదు.

ఈ సంగతి నాకు ఆఖరి సంవత్సరంలో తెలిసింది. ఒళ్లు మండిపోయింది. వాలంటీర్లకు లీడర్ని నేనే, నా గొప్ప నాకుండేది. సూది పొడిపించుకున్నవాళ్ల మెప్పు ఉత్త దూదికి పోవడమేమిటని సార్‌తో వాదించాను. "సిగ్గుకిచ్చేటోడు రోగం దాస్తడు బిడ్డా. గా రక్తం ఎవరికెక్కుతదో ఆలోచించినవా?" అన్నారు. నాకు తలకెక్కలేదు. ఆ ఏడు రక్తమిచ్చినవాళ్లకు కార్డులు రాసింది నేనే కాబట్టి పేర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. శిబిరం మర్నాడు వాళ్ల జాబితా అందంగా రాసి, చుట్టూ ఎర్ర సిరాతో పూలు కూడా వేసి, నోటీసు బోర్డుకు అంటించాను.

అందులో యాదగిరి పేరు లేదు. యాదగిరి మా క్లాసే, బాలానగర్ నుంచి వచ్చేవాడు. మా అట్టల మీద బొమ్మలన్నీ అతనివే, బజార్లో అందరికంటే పెద్ద గొంతూ అతనిదే. ముందురోజు చేతికి దూదితో తిరగడం కాలేజీ అంతా చూసింది. మధ్యాహ్నానికల్లా అతని బెంచీ మీద ఎవరో సుద్దముక్కతో "దూది పహిల్వాన్" అని రాశారు. వెనక బెంచీలవాళ్లు దూది ఉండలు చేసి అతని మీద విసిరారు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

యాదగిరి మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు. హాల్ టికెట్లు ఇచ్చే వారం వచ్చింది, అయినా రాలేదు. పరీక్షలు రాయకపోతే అతని చదువు అక్కడితో సరి.

సార్ నన్ను తిట్టలేదు. బోర్డు మీది కాగితం పీకి, మడిచి జేబులో పెట్టుకుని, "నడువు, బాలానగర్ పోదాం," అన్నారు. బస్సులో తన తల్లి గురించి చెప్పారు. నిజాం రాజ్యం ఆఖరి ఏళ్లవి, సార్‌కి అయిదేళ్లు. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే తల్లిని ఎడ్లబండిలో పట్నం దవాఖానకు తీసుకొచ్చారట. రక్తం ఎక్కించాలి, ఇచ్చే మనిషి కావాలన్నారట డాక్టర్లు. వచ్చిన చుట్టాలంతా కలిసి ఆమె తమ్ముణ్ని ముందుకు తోశారు. పద్దెనిమిదేళ్లవాడు, సూది చూసి వరండా దిగి పారిపోయాడు. తల్లి బతకలేదు.

"మా మామను ఊరంత అక్కను చంపినోడన్నది. పెండ్లిళ్లకు పిలువలె, పంక్తిల కూసోనియ్యలె. మా అమ్మ ఒక్కనాడు పోయింది బిడ్డా. మా మామ బతికినన్ని దినాలు రోజూ పోయిండు. నేను గూడ అన్న గా మాట. వాపస్ తీసుకుందామంటే వస్తదా?"

మిగతా చుట్టాలు ఎందుకివ్వలేదని అడిగాను.

"గదే నేనడిగేది గూడ," అన్నారు సార్.

యాదగిరి తన తండ్రి షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు, చేతులనిండా నూనె. లోపలికి వెళ్లేముందు సార్ నన్ను ఆపి, "మాఫీ అడుగు. ఎందుకియ్యలేదని మాత్రం అడగకు," అన్నారు. మిషన్ మోతలో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది: తప్పు నాదేనని, కాలేజీకి రమ్మని. యాదగిరి మిషన్ ఆపలేదు. తల ఎత్తలేదు.

"సార్, మీరొచ్చిండ్రు కాబట్టి పరీక్షలు రాస్త. ఆమెను మాత్రం నాతోని మాట్లాడొద్దనుండ్రి."

రాశాడు, పాసయ్యాడు. నాతో మాట్లాడలేదు. రక్తం ఎందుకివ్వలేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుసుకునే హక్కు లేదని అర్థం కావడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

సార్ రిటైరయ్యాక మా ఆఫీసు శిబిరానికి పిలిచాను. గేటు దగ్గర మెడలో విజిటర్ కార్డు వేస్తే, "నన్నెవరన్న ఎత్కపోతరా?" అని సెక్యూరిటీ అతన్ని నవ్వించారు. రక్తమిచ్చినవాళ్లకే టీషర్టు అని హెచ్చార్ అమ్మాయి అనగానే కుర్చీలోంచి లేచారు.

"ఇస్తే అందరికియ్యమ్మా, లేకుంటే ఎవ్వరికియ్యకు."

"డోనర్స్‌కి మోటివేషన్ ఉండాలి కదండీ సార్?"

"అది ఉన్నోళ్లనే రానియ్యి."

ఆ అమ్మాయి దిక్కుతోచక నా వైపు చూసింది. ఈసారి నేను సార్ పక్షాన నిలబడ్డాను. టీషర్టులు పెట్టెలోకి వెళ్లిపోయాయి. సార్ తొమ్మిదో అంతస్తు అద్దంలోంచి కిందికి చూస్తూ, "గా రోడ్డున్న కాడ అన్ని బండలుండె. మా మామ ఆడ్నే మేకలు కాసుకుంట ఒక్కడే బతికిండు," అన్నారు. కాసేపు అక్కడే నిలబడి చల్లారిన టీ తాగారు.

ఎప్పుడైనా యాదగిరి మాటెత్తితే "మంచిగున్నడు" అనేవారు, అంతే. నా గురించి ఏమైనా అంటాడా అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "గది ఆయన్నే అడుగు," అన్నారు. అడగలేకపోయాను.

మధ్యాహ్నం చందానగర్ చేరేసరికి సార్‌ను పాడె మీదికి చేర్చారు. గల్లీ ఇరుకు, వైకుంఠ రథం పెద్ద రోడ్డు మీదే ఆగింది. కొడుకులు లేరు, పెద్ద కూతురు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. మా పాత వాలంటీర్లే పాడె ఎత్తారు. ముందు కుడివైపు యాదగిరి. జుట్టు బాగా నెరిసింది. నేను ఆడవాళ్లతో పాటు గోడ వారగా నిలబడి ఏడుస్తున్నాను. అతను నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

పాడె నా ముందుకు వచ్చి ఆగింది.

"ఏం జూస్తున్నవ్? రా, పట్టు," అన్నాడు యాదగిరి.

వెనకనుంచి ఎవరో "ఆడోళ్లు మొయ్యొద్దు" అన్నారు. పెద్ద కూతురు వెనక్కి తిరిగి, "రానియ్యుండ్రి," అంది. వెళ్లి అతని వెనక నిలబడ్డాను. నేను పొట్టిదాన్ని, పాడె బొంగు నా భుజానికి అందలేదు. యాదగిరి ఏమీ అనకుండా మోకాళ్లు కొంచెం వంచాడు. అప్పుడు ఆనింది. పెద్ద రోడ్డు దాకా అతను అలాగే, మోకాళ్లు వంచుకునే నడిచాడు.